మీసాల నాగమ్మ నుంచి బృహన్నల దాకా



ఏ కాలేజీ ఫెస్టులోనైనా ఒక ఐటమ్ మాత్రం తప్పకుండా ఉంటుంది. ఎవడో ఒకడు అట్ట కిరీటం పెట్టుకుని, భుజాన గద వేసుకుని స్టేజీ ఎక్కుతాడు. 'దానవీరశూరకర్ణ' సినిమాలో దుర్యోధనుడి పెద్ద డైలాగు మొదలుపెడతాడు. కింద కూర్చున్న వాళ్ళు వాడికంటే ముందే డైలాగు చెప్పేస్తుంటారు. అయినా ప్రతి ఏడూ అదే ఐటమ్, అవే ఈలలు.

కిందటేడు ఆ ఎవడో నేనే.

డైలాగు మొత్తం నోటికి వచ్చు. హాస్టల్ బాత్రూంలో బకెట్ నిండేలోపు ఒకసారి చొప్పున నెల రోజులు చెప్పుకున్నాను. తీరా స్టేజీ మీద సగానికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. మాట మర్చిపోతే పక్కనుంచి ఎవరో ఒకరు అందిస్తారు. మాట తడబడితే నవ్వి సర్దుకోవచ్చు. ఊపిరి అయిపోతే దాన్ని అందించేవాళ్ళు ఎవరూ ఉండరు. గద కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆయాసపడ్డాను. జనం అదేదో కామెడీ అనుకుని చప్పట్లు కొట్టారు. అదే ఇంకా సిగ్గనిపించింది.

ఆ రాత్రి రూముకి వచ్చి సినిమా మళ్ళీ పెట్టి చూశాను. కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ మాటల్ని ఆయన ఎక్కడ ఆపుతున్నారు, ఎక్కడ గాలి పీలుస్తున్నారు అని గమనిస్తూ చూశాను. అప్పుడు ఒక లెక్క తట్టింది. ఆ సినిమా 1977 జనవరి 14న, సంక్రాంతికి వచ్చింది. ఆయన పుట్టింది 1923 మే 28న. అంటే ఆ దుర్యోధనుడి వయసు 53. స్టేజీ మీద ఆయాసపడ్డ నా వయసు 19.

మరి ఆ ఊపిరి ఆయనకి ఎక్కడ నుంచి వచ్చింది? ఈ వ్యాసం అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. నందమూరి తారక రామారావు గారి గురించి మన ఇళ్ళల్లో చాలా కథలు వినే ఉంటారు. అందులో సగం రాజకీయం. ఆ గొడవ ఇక్కడ వద్దు. ఒక నటుడు తన ఒంటిని ఎలా సాధన చేయించాడు, ఆ సాధన ఆయన కళకి ఏం ఇచ్చింది అన్నంత వరకే చూద్దాం.

పాల క్యాను, సైకిలు

బందరు నుంచి విజయవాడ బస్సు ఎక్కితే మధ్యలో పామర్రు వస్తుంది. ఆ పామర్రు దగ్గరే నిమ్మకూరు. చుట్టూ వరి చేలు, కాలవలు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయవాడ చుట్టుపక్కల ప్రాంతానికి ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టారు. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. క్విజ్‌లో అడగడానికి బాగుంటుంది, గుర్తు పెట్టుకోండి.

కన్నవాళ్ళు లక్ష్మయ్య గారు, వెంకట రామమ్మ గారు. పెదనాన్న రామయ్య గారికి పిల్లలు లేకపోవడంతో ఆ ఇంటికి దత్తత వెళ్ళారు. చదువు కోసం విజయవాడ వచ్చారు. ఇంట్లో డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో సైకిల్ మీద పాలు తీసుకెళ్ళి విజయవాడ హోటళ్ళకి పోసేవారు. అది ఎక్సర్‌సైజ్ అని ఎవరూ అనుకోరు, అది బతుకుతెరువు. కానీ తెల్లారకముందే లేవడం, చలిలో, వానలో సైకిల్ తొక్కడం, తర్వాత వెళ్ళి క్లాసులో కూర్చోవడం ఒంటికి అలవాటైపోయాయి. తర్వాత ఎంత డబ్బు వచ్చినా ఆ పెందలాడే లేచే అలవాటు మాత్రం ఆయన వదల్లేదు.

మీసం తియ్యనన్న కుర్రాడు

1940లో విజయవాడ ఎస్‌.ఆర్‌.ఆర్. కాలేజీలో చేరారు. అక్కడ తెలుగు చెప్పేది విశ్వనాథ సత్యనారాయణ గారు. కాలేజీలో 'రాచమల్లుని దౌత్యం' అనే నాటకం వేస్తూ, మంచి రూపం ఉంది కదా అని ఈ కుర్రాడికి నాగమ్మ వేషం ఇచ్చారు. అప్పట్లో నాటకాల్లో ఆడవేషాలు మగపిల్లలు వేయడం మామూలే. వేషం వేస్తాను గానీ మీసం తియ్యను అని ఈయన పట్టుబట్టారు. చివరికి మీసంతోనే నాగమ్మ వేషం కట్టారు. అంతే, కాలేజీలో 'మీసాల నాగమ్మ' అనే పేరు స్థిరపడిపోయింది. మనకైతే ఇన్‌స్టాలో మీమ్ అయ్యుండేది.

ఈ సంఘటన చదివినప్పుడు అందరూ నవ్వి వదిలేస్తారు. నేనూ అంతే. కానీ ఈ మీసాన్ని కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం. అప్పటికి ఆయనకి నాటకం అంటే ఇష్టం ఉంది, గొంతు ఉంది, రూపం ఉంది. వేషం కోసం ఒంటిని మార్చుకోవాలి అనే ఆలోచన మాత్రం ఇంకా రాలేదు. ఒళ్ళు తనది, వేషం దాని మీద వేసుకునే చొక్కా.

1942లో బసవతారకం గారితో పెళ్ళయింది. తర్వాత గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ. అక్కడ తోటి మిత్రులతో కలిసి నేషనల్ ఆర్ట్ థియేటర్ పేరుతో నాటకాలు ఆడారు. 1947లో చదువు అయ్యాక సబ్-రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగం! మూడు వారాల్లోనే వదిలేసి మద్రాసు రైలెక్కారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆఫర్ చేతిలో పెట్టుకుని షార్ట్ ఫిల్ములు తీస్తానని ఊగిసలాడే మన సీనియర్లకి ఈ ముక్క బాగా నచ్చుతుంది. కాకపోతే ఆ మూడు వారాలు మాత్రమే చూడకండి, తర్వాత ముప్పై ఏళ్ళు కూడా చూడండి.

బలం ఉంటే చాలదు

1949లో వచ్చిన ఎల్‌.వి. ప్రసాద్ గారి 'మనదేశం' ఆయన మొదటి సినిమా. పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషం. లాఠీచార్జి సీనులో మైమరచిపోయి ఎదుటి వాళ్ళని నిజంగానే బాదేశారని అందరూ చెప్పుకుంటారు. తర్వాతి ఏడు బి.ఎ. సుబ్బారావు గారి 'పల్లెటూరి పిల్ల'. అందులో ఎద్దుతో కలబడే సీను ఉంది. డూప్‌ని పెట్టుకోమంటే వద్దని తనే దిగారు. ఎద్దు విసిరేసింది, చెయ్యి విరిగింది.

ఈ రెండు సంఘటనల్లో నాకు ఒకే విషయం కనిపించింది. అప్పటికి ఆయనకి బలం ఉంది. కృష్ణా డెల్టా తిండి, పాల సైకిలు ఇచ్చిన బలం. కానీ బలం మీద అదుపు లేదు. ఎంత కొడితే దెబ్బలా కనిపిస్తుందో, దెబ్బ తగలదో తెలియడం నటన. అది ఉత్త కండతో రాదు. కండని ఎక్కడ ఆపాలో తెలిసే అభ్యాసంతో వస్తుంది. జిమ్ములో నాలుగు నెలలు బరువులు ఎత్తి స్టేజీ మీద కర్రలా నిలబడే వాళ్ళని మనం చూస్తూనే ఉంటాం.

ఆ అభ్యాసం విజయా వారి దగ్గర మొదలైంది. 'పాతాళభైరవి'కి హీరో కోసం కె.వి. రెడ్డి గారు వెతుకుతున్న రోజుల్లో రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు టెన్నిస్ ఆడుతుంటే చూశారట. ఒక బంతి తప్పిపోయేసరికి రామారావు గారు కోపంగా తర్వాతి బంతిని కోర్టు బయట పడేటట్టు కొట్టారట. ఆ ఊపులో రెడ్డి గారికి తోటరాముడు కనిపించాడని సినిమా వాళ్ళు చెప్పుకునే కథ. అంటే ఆ వేషం మేకప్ టెస్టులో కాదు, ఆటస్థలంలో దొరికిందన్నమాట.

విజయా సంస్థ అప్పట్లో నటుల్ని నెల జీతం మీద పెట్టుకునేది. రామారావు గారికి నెలకి 500 రూపాయలు, సినిమాకి 5000. జీతం తీసుకుంటున్నారు కాబట్టి షూటింగ్ లేని రోజు కూడా రిహార్సల్ ఉంటుంది. కత్తి తిప్పాలి, దూకాలి, పరిగెత్తాలి. 1951 మార్చిలో సినిమా వచ్చాక ఆ తోటమాలి కొడుకు రాజకుమారి మేడ ఎక్కడం చూసి ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళాయి. జనం చూసింది కథని. ఆ కథని నిలబెట్టింది మాత్రం రోజూ కత్తి తిప్పిన చెయ్యి.

తెల్లవారుజామున

ఆయన దినచర్య గురించి ఆ కాలం వాళ్ళందరూ ఒకే మాట చెప్తారు. తెల్లవారుజామున మూడు, మూడున్నరకి లేవడం. వ్యాయామం. స్నానం. భోజనం. మిగతావాళ్ళు స్టూడియోకి వచ్చేసరికి మేకప్‌తో సిద్ధంగా ఉండటం. మద్రాసు సముద్రం ఒడ్డుకి వెళ్ళి అలల హోరు మీద గొంతు విప్పి డైలాగులు సాధన చేసేవారని కూడా చెప్పుకుంటారు.

మూడింటికి లేవడం గొప్ప అని నేను అనట్లేదు. మనం కూడా మూడింటికి మేలుకునే ఉంటాం, పడుకోకుండా. తేడా అదే! ఇక్కడ ముఖ్యమైనది టైము కాదు, వరస. ఆయన రోజులో మొదటి పని ఒళ్ళు. తర్వాతే డైలాగు పేపరు. మన రోజులో ఒళ్ళు ఆఖరి పని. రికార్డులు, ల్యాబులు, అసైన్‌మెంట్లు, రీల్సు అన్నీ అయ్యాక టైము మిగిలితే చూద్దాం అంటాం. టైము ఎప్పుడూ మిగలదు.

పౌరాణిక వేషం ఒంటి మీద ఎంత పని పెడుతుందో కూడా ఒకసారి ఆలోచించండి. తల మీద కిరీటం, మెడలో హారాలు, భుజకీర్తులు, చేతిలో గద. ఆనాటి ఫిల్ముకి వెలుగు చాలా కావాలి, అందుకని చుట్టూ పెద్ద పెద్ద లైట్లు, వాటి వేడి. అంత బరువు మోస్తూ మెడ వంచకుండా, చెమట కనిపించకుండా, పద్యం మధ్యలో ఊపిరి తెగకుండా నిలబడాలి. పద్యం పాడేది ఘంటసాల గారు, నిజమే. మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఆ గొంతుకి రామారావు గారు పెదాలు మాత్రమే కలిపితే సరిపోదు. పాడేవాడి పొట్ట, ఛాతీ, మెడ ఎలా కదులుతాయో అలాగే కదలాలి. లేకపోతే ఆ గొంతు ఆ ఒంట్లోంచి వస్తోందని మనం నమ్మం.

కదలడమే కాదు, కదలకుండా ఉండటం కూడా కష్టమే. 1961లో ఆయనే దర్శకత్వం వహించిన 'సీతారామ కల్యాణం'లో రావణుడికి పది తలలు కనిపించాలి. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. కెమెరామన్ రవికాంత్ నగాయిచ్ ఒకే ఫిల్ము మీద మళ్ళీ మళ్ళీ ముద్ర వేసి ఆ తలలు చూపించారు. నటుడు కాస్త జరిగినా మొత్తం పాడైపోతుంది. ఆ షాట్ కోసం రామారావు గారు గంటల తరబడి కదలకుండా ఉన్నారని చెప్తారు. నేను మా రూంలో ట్రై చేశాను. పది నిమిషాలు కూడా కాలేదు, నడుము లాగేసింది.

కూచిపూడి దగ్గరికి

ఇప్పుడు ఆ మీసం దగ్గరికి వద్దాం.

1962లో రామారావు గారి పెద్ద కొడుకు రామకృష్ణ చనిపోయాడు. చిన్న వయసు. తర్వాత ఆయన కట్టిన స్టూడియోకి ఆ పేరే పెట్టుకున్నారు. ఆ దుఃఖం ఆయన పనిలో ఎక్కడ కలిసిందో చెప్పే హక్కు నాకు లేదు. తేదీలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి. ఆ తర్వాతి ఏడు, 1963లో, ఆయన జీవితంలోనే పెద్ద సినిమాలు రెండు వచ్చాయి. మార్చిలో 'లవకుశ', అక్టోబరులో 'నర్తనశాల'.

'నర్తనశాల' కథ విరాటపర్వం. అజ్ఞాతవాసంలో అర్జునుడు బృహన్నలగా మారి ఉత్తరకి నాట్యం నేర్పాలి. కమలాకర కామేశ్వరరావు గారు దర్శకులు. పాటకి మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతు. పక్కన ఉత్తరగా ఆడేది ఎల్‌. విజయలక్ష్మి, నాట్యం క్షుణ్ణంగా నేర్చుకున్న మనిషి. అలాంటి ఆవిడ ముందు గురువుగా నిలబడి ఆడి చూపించాలి. రామారావు గారికి అప్పటికి నలభై ఏళ్ళు. తెలుగునాట అంత పేరున్న హీరో ఇంకొకరు ఉంటే ఒక్కరే. దూరం షాట్లో డూప్‌తో, దగ్గర షాట్లో కళ్ళతో నడిపించేయొచ్చు. అడిగేవాళ్ళు లేరు.

ఆయన కూచిపూడి వెంపటి వారి దగ్గర నాట్యం నేర్చుకోవడానికి కూర్చున్నారు. సారీ, కూర్చోలేదు. అరమండిలో నిలబడ్డారు.

అరమండి అంటే తెలుసు కదా. మోకాళ్ళు పక్కలకి వంచి, నడుము నిటారుగా, సగం కూర్చున్నట్టు ఉండటం. ఇప్పుడే లేచి ఒక్క నిమిషం నిలబడండి. తొడలు వణుకుతాయి. కూచిపూడిలో పిల్లలకి చిన్నప్పుడే ఈ సాధన మొదలుపెడతారు. ముందు ఒంటిని వంచే కసరత్తు, తర్వాత అడుగులు, తర్వాత జతులు, ఆ తర్వాతే అభినయం. ఎముక లేతగా ఉన్నప్పుడు వంగినట్టు నలభైలో వంగదు. పైగా పదేళ్ళు కత్తులు తిప్పి, గదలు మోసి గట్టిపడిన ఒళ్ళు. ఇప్పుడు ఆ గట్టిదనాన్ని కరిగించాలి. భుజాలు దించాలి, మణికట్టు తేలిక చెయ్యాలి, అడుగు వేసే తీరే మార్చుకోవాలి. వచ్చిన విద్యకి ఇంకోటి కలపడం తేలిక. వచ్చినదాన్ని పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టడం కష్టం. సీ లాంగ్వేజ్ అలవాటైన చేతికి పైథాన్ నేర్పేటప్పుడు మనకి కొంచెం తెలుస్తుంది. ఇది ఒంటికి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. నిమ్మకూరుకీ కూచిపూడికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కూచిపూడి భాగవతుల మేళాల్లో తరతరాలుగా ఆడవేషాలన్నీ మగవాళ్ళే వేశారు. సత్యభామ వేషం కట్టడం అంటే అక్కడ చిన్నతనం కాదు, పెద్ద విద్య. ఆ వేషం బాగా కట్టినవాడికే మేళంలో పేరు. ఆ పక్క ఊళ్ళో పుట్టిన కుర్రాడే పదిహేడేళ్ళప్పుడు మీసం తియ్యనన్నాడు. మళ్ళీ ఇరవై మూడేళ్ళకి, మద్రాసులో, అదే కూచిపూడి గురువుల ముందు గజ్జె కట్టి, నడక మార్చుకుని, చూపు మార్చుకుని బృహన్నల అయ్యాడు. పక్క ఊరికి వెళ్ళడానికి మద్రాసు చుట్టి రావాల్సి వచ్చింది.

సినిమా చూడండి. బృహన్నలలో వెకిలితనం ఎక్కడా కనపడదు. ఆ రోజుల్లోనే కాదు, ఇప్పటి సినిమాల్లో కూడా ఇలాంటి వేషం అంటే జనాన్ని నవ్వించడానికి వాడుకుంటారు. మన ఫెస్టు స్కిట్లలో మనం చేసేదీ అదే, దాచుకోవద్దు. ఆయన అలా చెయ్యలేదు. ఎందుకంటే ఆయన చీర కట్టుకుని నటించలేదు, నాట్యం నేర్చుకుని నిలబడ్డారు. నేర్చుకున్న ఒంటికి ఒక మర్యాద వస్తుంది. చివర్లో అదే ఒళ్ళు గాండీవం పట్టుకుని అర్జునుడిగా రథం మీద నిలబడినప్పుడు, ఇందాకటి మెత్తదనం, ఇప్పటి గట్టిదనం రెండూ ఒకే మనిషివని మనం నమ్ముతాం. అదే ఏడు 'లవకుశ'లో రాముడు దాదాపు కదలడు. కళ్ళతో, మెడతో, నిలబడే తీరుతో నడిపిస్తారు. ఒకే సంవత్సరంలో కదలని రాముడు, ఆగని బృహన్నల.

ఊపిరి లెక్క

1977కి వద్దాం, అంటే నా ఆయాసం దగ్గరికి. 'దానవీరశూరకర్ణ'లో ఆయన కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే. సినిమా నిడివి నాలుగు గంటలకి కొంచెం తక్కువ. అటు కృష్ణ గారి 'కురుక్షేత్రం' అదే రోజు విడుదలకి సిద్ధమవుతోంది, అంటే ఆలస్యం చెయ్యడానికి లేదు. ఒక వేషం తీసి ఇంకో వేషం కట్టి, మధ్యలో కెమెరా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకి వచ్చి. అలాంటి రోజుల మధ్యలో చెప్పిన డైలాగు అది.

నేను నెల రోజులు మాటలు బట్టీ పట్టాను. ఆయన ముప్పై ఏళ్ళు ఊపిరి పట్టారు. పొడవాటి సమాసం మధ్యలో గాలి పీల్చకూడదు, అర్థం విరిగిపోతుంది. అంటే వాక్యం ఎంత పొడవో ఛాతీలో అంత గాలి ఉండాలి. ఆ గాలి నిలవాలంటే పొట్ట కండరం, వెన్ను, కాళ్ళు అన్నీ సహకరించాలి. వ్యాకరణం పుస్తకంలో ఉంటుంది గానీ వాక్యం మాత్రం ఊపిరితిత్తుల్లో ఉంటుంది. ఇది నాకు స్టేజీ మీద తెలిసింది, కొంచెం ఆలస్యంగా.

అది నటులకి సరే, కవిత్వం రాసేవాళ్ళకి, బొమ్మలు వేసేవాళ్ళకి ఒంటితో పనేంటి అని మన క్లబ్బులోనే ఒక వాదన ఉంది. జపాన్ నవలాకారుడు హరుకి మురకామి 1982 నుంచి పరుగు అలవాటు చేసుకున్నారు, మారథాన్లు పరిగెత్తారు. ఏళ్ళ తరబడి ఒక పెద్ద నవల మీద కూర్చోవడానికి ఓపిక కావాలి, ఆ ఓపిక పరుగులో సంపాదించుకున్నారు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కూర్చుని ఆలోచించిన వాళ్ళకంటే నడుస్తూ ఆలోచించిన వాళ్ళకి కొత్త ఐడియాలు ఎక్కువ వచ్చాయి. ట్రెడ్‌మిల్ మీద ఖాళీ గోడ చూస్తూ నడిచినా అంతే. కాకపోతే ఒకే సరైన జవాబు ఉండే ప్రశ్నలకి నడక అలా పనిచెయ్యలేదు. కాబట్టి మిడ్ ఎగ్జామ్ ముందు నడిచి పాసవుదాం అనుకోవద్దు.

ఒంటికీ హద్దు ఉంది

ఇంతవరకు చదివి, వ్యాయామం చేస్తే అన్నీ సాధించొచ్చు అని రాస్తున్నాననుకుంటారేమో. కాదు. రామారావు గారి కథే అది కాదని చెప్తుంది.

1982 మార్చి 29న పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యాన్‌ని చైతన్యరథంగా మార్చి ఊరూరా తిరిగారు. దాంట్లోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం. మన గుడివాడ నుంచి, తిరుపతి నుంచి రెండు చోట్లా గెలిచి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అరవై ఏళ్ళ దగ్గర పడిన మనిషిని అన్ని నెలలు రోడ్డు మీద నిలబెట్టింది ఆ పాత సాధనే అయ్యుండాలి. కానీ ఆ మరుసటి ఏడే, 1984లో, గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్ళాల్సి వచ్చింది. తెల్లవారుజామున లేచే అలవాటు గుండెకి గ్యారంటీ కార్డు ఇవ్వలేదు. ఒంటిని అంతలా వాడిన మనిషి ఒంటి దగ్గర అప్పు కూడా చేశాడేమో. విశ్రాంతి కూడా సాధనలో భాగమే అని ఆయన జీవితం నుంచి తలకిందులుగా నేర్చుకోవాలి.

అయినా ఆగలేదు. 1991లో విశ్వామిత్రుడిగా వేషం కట్టారు. 1993లో, డెబ్భై ఏళ్ళ వయసులో, బాపు గారి సినిమాలో శ్రీనాథుడు అయ్యారు. 1996 జనవరి 18న హైదరాబాద్‌లో గుండెపోటుతో పోయారు. 72 ఏళ్ళు. దాదాపు 300 సినిమాలు.

ఆయనకి ఉన్నవన్నీ మనకి లేవు. వండిపెట్టేవాళ్ళు ఉన్నారు, కసరత్తుకి టైమిచ్చే సంస్థ ఉంది, నేర్పడానికి వెంపటి వారు ఉన్నారు. మనకి మెస్ పప్పు, 75 శాతం అటెండెన్సు, నాలుగో అంతస్తు రూము ఉన్నాయి. అయితే ఆ పాల సైకిల్ రోజుల్లో ఆయనకీ ఇవేవీ లేవు.

నేను ఇప్పుడు చేస్తున్నది చాలా చిన్న పని. లిఫ్ట్ ఎక్కకుండా నాలుగు అంతస్తులూ మెట్లెక్కుతూ డైలాగు చెప్పుకుంటాను. మొదట్లో రెండో అంతస్తులో మాట తెగిపోయేది. ఇప్పుడు మూడో అంతస్తు మలుపు దాకా వస్తోంది. పక్క రూము వాళ్ళు నాకు పిచ్చి పట్టిందని డిసైడ్ అయ్యారు, పర్లేదు.

ఇంకో మాట కూడా. ఈసారి ఫెస్టులో దుర్యోధనుడు వద్దనుకుంటున్నాను. మన క్లబ్బు నాటకంలో ఒక ఆడవేషం ఖాళీగా ఉంది, నవ్వులాటకి కాదు, నిజమైన పాత్ర. అది నేను వేస్తానని చెప్పాను. రోజూ పొద్దున ఆరింటికి గ్రౌండులో నడక నేర్చుకుంటున్నాం. ఎవరైనా రావచ్చు.

మీసం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను. తీసేస్తాననుకుంటా.